ఆయిల్ పామ్ గుంతల్లో పచ్చి పెంట వేశాను, మొవ్వు విరిగి మొక్కలు పోతున్నాయి. ఇప్పుడేం చేయాలి?

చెల్క రైతు, జనగామ జిల్లా

అందరికీ నమస్కారం. నాకు నాలుగెకరాల చెల్క, అంటే ఎర్ర ఇసుక నేల ఉంది. మా నాన్న కాలం నుంచి పత్తి, మధ్యలో సాళ్లు వదిలి కంది. రెండేళ్లు వరుసగా పత్తిలో పెట్టుబడి కూడా రాలేదు. బోరు బాగానే పోస్తోంది కదా అని ధైర్యం చేసి పోయిన ఆగస్టులో ఆయిల్ పామ్ పెట్టాను. తొమ్మిది మీటర్ల దూరంతో త్రికోణం పద్ధతిలో ఎకరానికి 57, మొత్తం 228 మొక్కలు. డ్రిప్ కూడా వేశాను.

నేను పుట్టి పెరిగింది పత్తి చేనులో. చెట్టు పంట పెట్టడం ఇదే మొదలు. మొదట్లోనే బలం బాగా అందితే మొక్క తొందరగా పట్టుకుంటుందని అనుకున్నాను. మే నెలలో ఊళ్లో ఇంటింటికీ తిరిగి పశువుల పెంట కొని, ట్రాక్టర్‌తో తోలించి, చేను మూలన వేపచెట్టు కింద కుప్ప పోయించాను. గుంతకు రెండు గంపల పెంట, దాని మీద ఒక గంప కోళ్ల ఎరువు వేసి మొక్క పెట్టించాను. కుప్ప పైన ఎండిపోయినట్టు కనబడేది గానీ, చెయ్యి పెడితే లోపల వెచ్చగా ఉండేది. అప్పుడు దాని అర్థం నాకు తెలియలేదు.

మొక్కలు లారీలో వచ్చిన రోజు కూలీలు దొరకలేదు. రెండు రోజులు గట్టు మీదే పెట్టాను. మూడో రోజు పదకొండు మంది వస్తే ఒక్క పూటలో అంతా అయిపోవాలని తొందరపెట్టాను. సంచులు చించేటప్పుడు ఇరవై మొక్కల దాకా వేరు చుట్టూ ఉన్న మట్టిగడ్డ విడిపోయింది. అలాగే పెట్టేశాం.

మొదటి నెలలోనే నాలుగు మొక్కలు ఎండిపోయాయి. చాలా మొక్కల ఆకుల కొనలు కాలినట్టయ్యాయి, తర్వాత కొంచెం కోలుకున్నాయి. ఇప్పుడు జనవరిలో కొత్త బాధ మొదలైంది. మొవ్వులో కొత్తగా వచ్చే ఆకు మధ్యలో విరిగి వాలిపోతోంది. విచ్చుకున్న ఆకులకు కత్తెరతో కోసినట్టు కోతలున్నాయి. అలా ఏడు మొక్కలు పోయాయి. ఇంకో పదిహేను మొక్కలకు కోతలు కనబడుతున్నాయి. మొత్తం 11 మొక్కలు పోయినట్టే.

నేను రసాయన ఎరువులు లేకుండా పెంచాలని అనుకున్నాను. పత్తికి మందులు కొట్టి కొట్టి మా నాన్న చేతులు ఎలా అయ్యాయో చూశాను. అందుకే ఇంతవరకు ఒక్క గింజ యూరియా వేయలేదు. ఉత్త పెంటతో ఆయిల్ పామ్ పెరుగుతుందా? ఈ మొవ్వు తినే పురుగు ఎక్కడ నుంచి వస్తోంది? పోయిన చోట మళ్లీ ఇప్పుడే పెట్టవచ్చా, వానాకాలం దాకా ఆగాలా? రాత్రి నిద్ర పట్టడం లేదు, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

---

పాత తోట, దమ్మపేట

తమ్ముడూ, నువ్వు రాసింది చదువుతుంటే నా 2001 నాటి తోట కళ్ల ముందుకొచ్చింది. ముందు ఒక పని చెయ్. ఈ జవాబు మొత్తం చదవకముందే ఆ వేపచెట్టు కింద మిగిలిన పెంటకుప్ప దగ్గరికి పో. పారతో జానెడు లోతు తియ్. తెల్లగా, బొటనవేలంత లావుగా, గోధుమరంగు తలతో, చంద్రవంకలా ముడుచుకుని పడుకున్న పురుగులు దొరుకుతాయి. దొరక్కపోతే ఇంకాస్త లోపలికి తవ్వు. దొరుకుతాయి, నాకు తెలుసు.

అవి కొమ్ము పురుగు పిల్లలు. కొబ్బరి తోటలవాళ్లకు బాగా తెలిసిన శత్రువు. పెద్దది నల్లగా, తల మీద ఖడ్గమృగానికి ఉన్నట్టు ఒక కొమ్ముతో ఉంటుంది. పగలు ఎక్కడా కనబడదు. రాత్రి ఎగిరొచ్చి మొవ్వులోకి రంధ్రం చేసుకుని దూరి, ఇంకా విచ్చుకోని ఆకును నమిలేస్తుంది. ఆ ఆకు తర్వాత విచ్చుకుంటే కత్తెరతో కోసినట్టు కోత కనబడేది అందుకే. పెద్ద చెట్టయితే రెండు మట్టలు పాడై బతికేస్తుంది. నీ మొక్కలు చిన్నవి. లోపల మొవ్వు మొదలు దాకా తినేస్తే మొక్క పోయినట్టే. దానికి తిండి మొవ్వులో ఉంటుంది గానీ, గుడ్లు పెట్టేది మాత్రం చివకని పెంటలో, కుళ్లిన దుంగల్లో. పిల్లపురుగు మూడు నాలుగు నెలలు ఆ పెంట తింటూనే పెరుగుతుంది. నీ కుప్ప మే నెల నుంచి కదలకుండా ఉంది, మొక్కలు ఆగస్టులో వచ్చాయి. లెక్క నువ్వే వేసుకో.

నేనూ అదే చేశాను. బోరు పక్కన చింతచెట్టు కింద ఆరు ట్రాక్టర్ల పెంట పోయించాను. చేతికి అందుబాటులో ఉంటుంది కదా అని తోట మధ్యలోనే పోయించాను. మొదటి ఏడాది 19 మొక్కలు పోయాయి. నర్సరీ మొక్కలే బాగాలేవని మనసులో తిట్టుకున్నాను. ఉద్యానశాఖలో అప్పుడు ఉన్న సారొకాయన తోటకు వచ్చి, మొక్కల వైపు చూడకుండా నేరుగా కుప్ప దగ్గరికి వెళ్లి తవ్వమన్నారు. సగం బకెట్ నిండింది. ఆ రోజు మా ఇంటి కోళ్లకు పండగే.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. కుప్పను మొత్తం తిరగెయ్యాలి. పగటిపూట ఎండలో పలుచగా పరిచి, పురుగులు ఏరి కోళ్లకు వెయ్యండి, కొంగలూ కాకులూ కూడా వస్తాయి. తర్వాత మెటారైజియం అనే శిలీంధ్రం పొడి దొరుకుతుంది, తడిపిన పెంటలో కలపాలి. అది పడితే పురుగు ఒంటి మీద ఆకుపచ్చ బూజు పట్టి చస్తుంది. పెంట తడిగా, నీడలో ఉంటేనే అది పనిచేస్తుంది. ఎండు పెంట మీద చల్లితే డబ్బు దండగ. ఆ పెంటను తోటకు దూరంగా మార్చి, చివికాకే వాడు.

మొక్కల సంగతి. వాలిన మొవ్వును మెల్లగా లాగి చూడు. చేతికి ఊడొచ్చి కుళ్లు వాసన వేస్తే ఆశ వదులుకో. గట్టిగా ఉండి, రంధ్రంలో పీచు నమిలిన పిప్పి మాత్రమే ఉంటే మొక్క బతుకుతుంది. సన్నని ఇనుప కొక్కెంతో లోపల పురుగుందేమో చూసి బయటకు లాగు. మిగతా అన్ని మొక్కలకూ, బాగున్నవాటికి కూడా, మొవ్వు చుట్టూ ఉన్న మట్టల మొదళ్లలో వేప పిండి, ఇసుక సమానంగా కలిపి పిడికెడు వెయ్యి. నేను నెలన్నరకోసారి వేసేవాణ్ణి. పురుగును వాసనతో రప్పించి పట్టే ఆకర్షక బుట్టలు కూడా పెట్టుకో, కానీ ఊళ్లో ఇంకా నాలుగు కుప్పలుంటే బుట్టలొక్కటే ఏమీ చేయలేవు. పక్క చేనువాళ్లతో కూడా మాట్లాడు. రాత్రి ఎగిరే పురుగు ఇంకో చేనులోని కుప్పలో కూడా పుడుతుంది.

ఈ గాయాల్లోంచి కాండాన్ని లోపల తొలిచే ఎర్ర ముక్కు పురుగు దూరితే ఇంకా కష్టం, అందుకే ఆలస్యం చేయకు.

ఎరువుల మాట నాకన్నా తెలిసినవాళ్లు చెబుతారు. నాటడం గురించి మాత్రం ఒక మాట. మట్టిగడ్డ విడిపోయిన ఇరవై మొక్కల్లో ఎన్ని బతికి ఉన్నాయో వేరుగా లెక్కపెట్టు. దీనికి తల్లివేరు ఉండదు. పీచు వేర్లే. సంచిలో ఏడాదిపాటు ఆ వేర్లు మట్టిని పట్టుకుని ఉంటాయి. గడ్డ పగిలిందంటే నీళ్లు తాగే సన్నవేర్లన్నీ తెగినట్టే. అలాంటి మొక్క కింద కోళ్ల ఎరువు ఉంటే చెప్పేదేముంది, ఉన్న వేరు కూడా కాలుతుంది. నీ మొదటి నాలుగు మొక్కలు పోయింది అలాగే. పురుగు వల్ల కాదు.

---

రిటైర్డ్ ఉద్యానం, ఏలూరు

పై మిత్రుడు చెప్పిన దానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను ఆయిల్ పామ్ రైతులతో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. పెదవేగిలో ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఉండడం వల్ల మా జిల్లా రైతులకు ఈ పంట గురించి కొంచెం ముందుగా తెలిసింది. పోషకాల లెక్క ఒక్కటి వివరంగా చెబుతాను, ఎందుకంటే "ఉత్త పెంటతో పెరుగుతుందా" అన్న ప్రశ్నకు అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో చెప్పడం తప్పు.

మొదటి ఏడాది మొక్కకు 400 గ్రాముల నత్రజని, 200 గ్రాముల భాస్వరం, 400 గ్రాముల పొటాష్ సిఫారసు. రెండో ఏడాది దానికి రెట్టింపు. మూడో ఏడాది నుంచి 1200 గ్రాముల నత్రజని, 600 భాస్వరం, పొటాష్ కనీసం 1200. బాగా చివికిన పశువుల ఎరువులో నత్రజని సుమారు అర శాతం, పొటాష్ కూడా దాదాపు అంతే, భాస్వరం అందులో సగం. అంటే 100 కిలోల ఎరువులో 500 గ్రాముల నత్రజని ఉంటుంది. కాగితం మీద చూస్తే మొదటి ఏడాదికి మొక్కకు 80 కిలోలు చాలు. కానీ అది అంతా ఆ ఏడాదే మొక్కకు అందదు. మూడో వంతు అందితే గొప్ప. మిగతాది నేలలో ఉండి తర్వాతి ఏళ్లలో మెల్లగా విడుదలవుతుంది.

సరే, మొత్తం అందుతుందనే అనుకుందాం. మూడో ఏడాది 1200 గ్రాముల నత్రజని కోసం చెట్టుకు 240 కిలోల పెంట కావాలి. ఎకరానికి 57 చెట్లు, దాదాపు పదమూడున్నర టన్నులు. మీ నాలుగెకరాలకు 55 టన్నుల దగ్గర. ప్రతి ఏడాదీ. ఊళ్లో పశువులు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు.

ఇంకో విషయం. గెలలు కోయడం మొదలయ్యాక తోట నుంచి పోషకాలు లారీల్లో బయటకు వెళ్తాయి. టన్ను గెలలతో సుమారు 3 కిలోల నత్రజని, 3.7 కిలోల పొటాషియం పోతుంది. మనం కొనే పొటాష్ ఎరువు లెక్కలో చెప్పాలంటే ఆ పొటాషియం ఏడున్నర కిలోలకు సమానం. ఎకరానికి ఎనిమిది టన్నులు కోస్తే 60 కిలోలు, అంటే బస్తాకు పైనే. ఈ పంటకు అన్నిటికన్నా ఎక్కువ కావాల్సింది పొటాష్. నత్రజనిని జనుము, జీలుగ వేర్లలోని బాక్టీరియా గాలి నుంచి తెచ్చిపెడుతుంది. పొటాష్‌ను అలా ఏ మొక్కా గాలి నుంచి తేలేదు. బయట నుంచి వెయ్యాలి, లేదా పోయినదాన్ని వెనక్కి తెచ్చుకోవాలి.

వెనక్కి తెచ్చుకునే దారి ఉంది. మిల్లులో పండ్లు రాల్చాక ఖాళీ గెలలు మిగులుతాయి. టన్ను ఖాళీ గెలల్లో దాదాపు 19 కిలోల పొటాష్ ఎరువుకు, 7 కిలోల యూరియాకు సమానమైన పోషకం ఉంటుంది. మిల్లు దగ్గరున్నవాళ్లు తప్పక తెచ్చుకోవాలి. కానీ చెట్ల మధ్య ఒక్క పొరగానే పరవాలి. కుప్పగా పోస్తే కొమ్ము పురుగు అందులోనూ కాపురం పెడుతుంది.

అలాగని పెంట అనవసరమని నేను చెప్పడం లేదు. మీది చెల్క. అలాంటి నేలల్లో సేంద్రియ కర్బనం అర శాతం లోపే ఉండడం మామూలు. ఎరువును పట్టి ఉంచే శక్తి తక్కువ, వేసిన యూరియా ఒక వానకు కిందికి జారిపోతుంది. పెంట నేలను నీరు పట్టేలా చేస్తుంది, వేసిన ఎరువును వేరు దగ్గర నిలబెడుతుంది. కాబట్టి నా సలహా: చివికిన ఎరువు మొక్కకు 50 కిలోలు, ఐదు కిలోల వేప పిండి, వాటితోపాటు మట్టి పరీక్ష చూసుకుని రసాయన ఎరువులు, ఏడాదికి నాలుగు దఫాలుగా. మొదలుకు అర మీటరు వదిలి పాదంతా చల్లి పైపైన మట్టిలో కలపాలి. లోతుగా తవ్వకూడదు, తిండి తీసుకునే వేర్లు పైనే ఉంటాయి. మొదటి దఫా నాటిన మూడు నెలలకే మొదలు కావాలి. మీరు ఇప్పటికే రెండు నెలలు ఆలస్యం చేశారు.

కోళ్ల ఎరువు విషయంలో ఒక హెచ్చరిక. అందులో నత్రజని 3 శాతం దాకా ఉంటుంది, పశువుల పెంటకు ఆరు రెట్లు. అందుకే పచ్చిగా వేస్తే కాలుస్తుంది. అది చెడ్డ ఎరువు కాదు. ఆరు నెలలు కుప్పగా పోసి, మధ్యలో తిరగేసి, తర్వాత పాదు అంచున వాడుకోండి. గుంతలో వేర్ల కింద మాత్రం ఎప్పుడూ వద్దు.

---

గోపాలం, మదనపల్లె వైపు

క్షమించండి సార్, మీ లెక్కతో నాకు పేచీ ఉంది. చెట్టుకు 240 కిలోల పెంట కావాలంటే ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లందరూ ఈపాటికి మానేయాలి కదా. పది కిలోల ఆవు పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి 200 లీటర్ల నీళ్లలో కలిపి జీవామృతం చేసి ఎకరానికి ఇస్తే నేలలో సూక్ష్మజీవులు లక్షలు కోట్లుగా పెరిగి, నేలలో ఉన్న పోషకాలనే మొక్కకు అందిస్తాయి. నా మామిడి, వేరుశెనగ అలాగే పండుతున్నాయి. రసాయనం వేయవద్దని మనసులో అనుకున్న రైతును వెనక్కి లాగకండి.

---

రిటైర్డ్ ఉద్యానం, ఏలూరు

గోపాలం గారూ, మీ వేరుశెనగ గురించి నేను ఒక్క మాట కూడా కాదనను. వేరుశెనగ తన నత్రజనిని తానే వేరు బుడిపెల్లో తయారుచేసుకునే పంట. మామిడి వేరు నేల లోతుకు పోయి వెతుక్కుంటుంది. ఆయిల్ పామ్ ఈ రెండూ చేయదు. పైగా ఏడాది పొడవునా గెలలు వేస్తూనే ఉంటుంది. జీవామృతం సూక్ష్మజీవులకు తిండి, వాటి పని నేలలో ఉన్నదాన్ని విడుదల చేయడం. నేలలో లేని పొటాష్‌ను అవి పుట్టించలేవు. ఈయన చెల్కలో ఏముందో పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. ఉందని తేలితే మీ మాటే నెగ్గుతుంది, నాకు సంతోషమే.

రసాయనాలు వద్దని ఆ రైతు అనుకోవడం వెనక వాళ్ల నాన్నగారి చేతులున్నాయి. ఆ బాధ నాకు అర్థమైంది. కానీ ఆ చేతులను అలా చేసింది పురుగు మందు. పొటాష్ గింజలు అలాంటివి కావు. రెండింటినీ ఒకటిగా చూడవద్దని మాత్రమే నా మనవి.

---

లక్ష్మీదేవి తోట, ద్వారకా తిరుమల దగ్గర

అన్నయ్యా, నేను ఆడమనిషినని కాదు గానీ మా తోట పని అంతా నా చేతుల మీదే జరుగుతుంది, మా ఆయన లారీ మీద ఉంటారు. మీరు పోయిన మొక్కల గురించే ఆలోచిస్తున్నారు. మిగిలిన 217 మొక్కలకు రాబోయే ఎండాకాలం అన్నిటికన్నా గండం. అది ఎవరూ చెప్పలేదని రాస్తున్నాను.

ఇప్పుడే పాదుల్లో జనుము చల్లండి. ఎర్ర నేలకు జనుము బాగా వస్తుంది, జీలుగ చౌడు నేలకూ నీళ్లు నిలిచే నేలకూ మేలు. పాదులో చుట్టూ గుప్పెడు గింజలు చల్లితే నెలకు మోకాలెత్తు పెరిగి మొక్క మొదలు చుట్టూ నీడ పడుతుంది. మా ఎర్ర గరుపు నేలలో ఏప్రిల్ మధ్యాహ్నం కాలు పెట్టలేం, ఆ వేడికి పైనున్న పీచు వేర్లు ఉడికిపోతాయి. జనుము ఉంటే ఆ వేడి తగలదు. పూత మొదలవగానే, నలభై అయిదు రోజుల దగ్గర, కోసి అక్కడే పాదులో పరిచేయండి. పీకకండి, కోయండి. పీకితే పామ్ వేర్లు కూడా కదులుతాయి. ఎరువుకు ఎరువు, కప్పుకు కప్పు. కాకపోతే మొక్క మొదలుకు ఆనించవద్దు, జానెడు వదలండి. మళ్లీ చల్లండి. నేను మొదటి ఏడాది మూడుసార్లు చల్లాను.

సాళ్ల మధ్య ఖాళీలో కూరగాయలు, మొక్కజొన్న వేసుకోవచ్చు. కానీ వాటికి ఎరువు వేరుగా పెట్టండి. పామ్‌కు వేసింది మొక్కజొన్న తినేస్తే రెండూ పాడవుతాయి. ఆ మొక్కజొన్న చొప్ప కూడా పాదుల్లో పరవండి. పామ్ ఆకులు అడ్డం వస్తున్నాయని కట్టెయ్యకండి, కొయ్యకండి. చిన్నప్పుడు ఒక్కో పచ్చాకూ దానికి పొయ్యి లాంటిది, అక్కడే వంట అవుతుంది.

ఇంకొకటి. ఏడాదిన్నర దాటేసరికి చిన్న చిన్న పూగుత్తులు వస్తాయి. ఆశపడి ఉంచుకోకండి. రెండున్నర ఏళ్ల దాకా నెలనెలా తీసేయాల్సిందే. మీరు వేసిన బలమంతా ఆ పనికిరాని గెలలకు పోకుండా వేరుకూ కాండానికీ పోవాలి. మా పక్కింటి తోటవాళ్లు మొదటి గెలలు చూసి మురిసిపోయి ఉంచుకున్నారు. ఇప్పటికీ వాళ్ల చెట్ల మొదళ్లు మావాటి కన్నా సన్నం.

పోయిన చోట మొక్కలు ఇప్పుడే పెట్టండి, ఏడాది దాటనివ్వకండి. ఆలస్యంగా పెట్టిన మొక్క చుట్టూ ఉన్న పెద్ద చెట్ల నీడలో పడి ఎప్పటికీ ఎదగదు. మా తోటలో అలాంటివి ఐదున్నాయి, ప్రతిసారీ వాటి దగ్గరికి వెళ్లినప్పుడు మనసు చివుక్కుమంటుంది.

---

చెల్క రైతు, జనగామ జిల్లా

అన్నా, అక్కా, సార్, అందరికీ దండం. తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను.

కుప్ప తవ్వాను. మా అబ్బాయి లెక్కపెట్టాడు, 143. అందులో పెద్ద కొమ్ము పురుగులు ఆరు. చూస్తుంటే ఒళ్లు జలదరించింది, కోపం కూడా వచ్చింది. డబ్బు పెట్టి కొని, కూలి ఇచ్చి నేనే వాటికి ఇల్లు కట్టించాను. పెంటంతా పరిచి ఎండబెట్టి, నీడలో కొత్త చోట పోసి తడిపి మెటారైజియం కలిపాను. పాతికేళ్లుగా పెంట ఎలా పోస్తామో అలాగే పోశాను. పత్తికి ఈ పురుగు బాధ లేదు కాబట్టి ఎప్పుడూ తెలియలేదు.

కోతలు పడ్డ పదిహేను మొక్కల్లో రెండింటి మొవ్వు చేతికి ఊడొచ్చింది. మిగతా పదమూడు గట్టిగానే ఉన్నాయి. మూడింట్లో పురుగు దొరికింది, కొక్కెంతో తీశాను. వేప పిండి, ఇసుక అన్నిటికీ వేశాను. మట్టిగడ్డ విడిపోయిన మొక్కలకు ఆ రోజు గుర్తుగా కర్రలు గుచ్చి ఉంచాను. లెక్క చూస్తే ఇరవైలో మొదటి నెల పోయిన నాలుగూ అందులోవే. మిగతా పదహారు బతికున్నాయి గానీ పక్క మొక్కల కన్నా జానెడు పొట్టి. అన్న చెప్పింది అక్షరాలా నిజం.

మట్టి పరీక్షకు ఇచ్చాను, కాగితం వచ్చింది. సేంద్రియ కర్బనం తక్కువ, భాస్వరం మధ్యస్థం, పొటాష్ తక్కువ. గోపాలం అన్నా, మీ మాట నెగ్గాలని నాకూ ఉండింది. జీవామృతం మానను. కానీ పొటాష్ కూడా వేస్తాను. ఇంటికొచ్చి మా నాన్నకు ఇది చెబితే, ఆయన పొటాష్ బస్తా కాసేపు చూసి, "దీన్ని కొట్టాల్సిన పని లేదు గదా, చల్లుడే గదా" అన్నాడు. చల్లుడే అన్నాను. సరే అన్నాడు. నాకు అదే పెద్ద ధైర్యం.

ఇప్పుడు 13 మొక్కలు కావాలి. నర్సరీకి ఫోన్ చేశాను. పెద్ద సంచుల్లో ఏడాదిన్నర వయసు మొక్కలు కొన్ని ఉన్నాయంటున్నారు. నా తోటలోవాటికి సరిసమానం అవుతాయి. తెచ్చేముందు ఏం చూడాలి? గుంతలో ఈసారి ఏం వెయ్యాలి?

---

పాత తోట, దమ్మపేట

143 అంటే మా రికార్డు కొట్టావు తమ్ముడూ. భయపడకు, అవన్నీ నీ మొక్కల మీదికి రాకముందే దొరికాయి.

మొక్క చూసేటప్పుడు ఎత్తు చూసి మోసపోవద్దు. నీడలో దగ్గర దగ్గరగా పెంచిన మొక్క పొడుగ్గా సాగి సన్నగా ఉంటుంది. మొదలు చుట్టుకొలత జానెడుకు తక్కువ కాకూడదు, ఆకులు పన్నెండు పైనే ఉండాలి, పక్కలకు విచ్చుకుని ఉండాలి. గడ్డిపోచలా ఆకులన్నీ నిటారుగా నిలబడి, ఆకు రెమ్మలు విడిపోకుండా అతుక్కుని ఉన్న మొక్క ఉచితంగా ఇచ్చినా తీసుకోకు. సంచి అడుగున చూడు. వేర్లు బయటకు వచ్చి చుట్టలు తిరిగి ఉంటే అది సంచిలో ఎక్కువ కాలం ఉన్నట్టు. ఒకటి రెండు వేర్లయితే పర్వాలేదు.

ఎక్కించేముందు రోజు సంచులకు నీళ్లు పెట్టమను. తడి మట్టి గడ్డ కట్టి ఉంటుంది, పొడి మట్టి రాలిపోతుంది. మొక్కను ఆకు పట్టుకుని లేపనివ్వకు, సంచి అడుగున చెయ్యి పెట్టి ఎత్తాలి. పదమూడే కదా, కూలీలు వద్దు, నువ్వూ మీ అబ్బాయీ పెట్టండి. రోజుకు ఐదు చాలు.

గుంత రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు. పాత మొక్క పోయిన చోట పాత పెంటా వేర్లూ మొత్తం తీసి పారెయ్, కొత్త పైమట్టి తెచ్చి నింపు. మూడు వంతుల పైమట్టికి ఒక వంతు బాగా చివికిన ఎరువు, పావు కిలో సూపర్ ఫాస్ఫేట్, అర కిలో వేప పిండి కలుపు. చివికిందో లేదో తెలుసుకోవడానికి ఒకటే గుర్తు. పిడికిట్లోకి తీసుకుని వాసన చూడు. తొలకరి పడ్డ నేల వాసన రావాలి. పేడ వాసన వచ్చినా, చేతికి వెచ్చగా తగిలినా వద్దు. అలాంటి ఎరువు దొరక్కపోతే వెయ్యకుండానే పెట్టు. ఉత్త పైమట్టిలో పెట్టిన మొక్క చావదు, ఎరువు తర్వాత పైన వేసుకోవచ్చు.

సంచి అడుగు ముందు కోసెయ్. మొక్కను గుంతలో దించి, నిలబెట్టి, అప్పుడు పక్కన నిలువుగా కోసి సంచి పైకి లాగు. గడ్డ పైభాగం నేల మట్టానికి సమానంగా ఉండాలి. లోతుగా పడితే మొవ్వులో నీళ్లూ మట్టీ చేరి కుళ్లుతుంది, పైకి ఉంటే గాలికి వాలుతుంది. మట్టి పొరలు పొరలుగా వేసి కాలితో గట్టిగా తొక్కు, లోపల గాలి ఉండకూడదు. వెంటనే నీళ్లు. తర్వాత లక్ష్మీదేవమ్మ చెప్పినట్టు జనుము. ఆమె చెప్పిన జనుము సంగతి నాకు 2001లో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

పెట్టిన రోజు ఒక ఫొటో పెట్టు.

---

చెల్క రైతు, జనగామ జిల్లా

అన్నా, పదమూడూ అయిపోయాయి. మూడు రోజులు పట్టింది. ఒక్క గడ్డ కూడా పగల్లేదు. ఆఖరి మొక్క మా నాన్నతో పెట్టించాను, మట్టి ఆయనే తొక్కాడు. జనుము నిన్న చల్లాం.

పక్క చేను ఆయన పెంటకుప్ప కూడా తవ్వించాను. అందులో అరవై దాకా ఉన్నాయి. ఆయనకు పామ్ లేదు, పత్తే. అయినా తిరగేయడానికి ఒప్పుకున్నాడు. ఎండాకాలంలో మా ఊళ్లో పెంట తోలించుకునే ప్రతి ఇంటికీ ఒకసారి వెళ్దామని అనుకుంటున్నాను. అప్పటికి మెటారైజియం ఎంత పెంటకు ఎంత కలపాలో తెలిసినవాళ్లు ఇక్కడ రాసిపెట్టండి, కాగితం మీద ఎక్కించుకుని తీసుకెళ్తాను.